ఎర్ర కారు వెనక్కి తిప్పిన సీను

“బోర్డు చదివారా అండీ?”

“చదివాను.”

“ఏమని ఉంది?”

“క్యాసెట్ రివైండ్ చేసి తిరిగి ఇవ్వవలెను అని ఉంది. మా నాన్న ఒప్పుకోరు.”

నేను తలెత్తి చూశాను. వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే వ్యాపారంలో నేను వినని సాకు లేదు. కరెంటు పోయిందన్నవాళ్లున్నారు, బటన్ ఊడిందన్నవాళ్లున్నారు, అసలు రివైండంటే ఏమిటని నన్నే ఎదురు అడిగినవాళ్లున్నారు. నాన్న ఒప్పుకోరన్న సాకు మాత్రం అదే మొదటిసారి.

బయట వాన. ఆమె గొడుగు ముడిచి నా గుమ్మం పక్కన ఆనించింది. గొడుగు నుంచి కారిన నీళ్లు కొత్తగా దిగిన క్యాసెట్ల అట్టపెట్టె వైపు నెమ్మదిగా ప్రయాణం కట్టాయి. నీళ్లను చూడాలా ఆమెను చూడాలా అని ఒక్క క్షణం తర్జనభర్జన పడి, సరుకు కదా అని నీళ్లనే చూశాను. నా తెలివి ఎలాంటిదో ఆ రోజే తెలిసిపోయి ఉండాల్సింది.

పెట్టె పక్కకి జరిపి అడిగాను. “మీ నాన్నగారికి రివైండ్ మీద కోపం దేనికండీ?”

“సినిమా హాల్లో ఆపరేటర్‌గా ముప్పయ్యొక్క ఏళ్లు చేశారు. ప్రతి ఆట అయ్యాక ఆ రీళ్లన్నీ చేత్తో తిప్పి మళ్లీ మొదటికి చుట్టాలి. రిటైరైన రోజు ఇంటికొచ్చి ఒట్టు పెట్టారు, ఇక చచ్చినా దేన్నీ వెనక్కి చుట్టనని. తనే కాదు, ఇంట్లో ఎవరూ చుట్టకూడదట.”

“మరి నా బోర్డు?”

“మీ బోర్డు మీ గోడకుంది. మా నాన్న మా ఇంట్లో ఉన్నారు.”

మాట పడనివ్వని మనిషి. నా దగ్గరా ఒక పద్ధతి ఉంది. రివైండ్ చేయకుండా తెచ్చినవాళ్ల దగ్గర నేను జరిమానా తీసుకోను. జరిమానా అడిగితే మొహం మాడ్చుకుని పక్క వీధి షాపుకి పోతారు. అందుకని, రివైండయ్యేదాకా వాళ్లే కౌంటర్ దగ్గర నిలబడాలి. నిలబడినవాడు ఊరికే ఉండలేడు, అరల్లోకి చూస్తాడు. చూసినవాడు ఇంకో క్యాసెట్ పట్టుకెళ్తాడు. శిక్షా నాదే, లాభమూ నాదే.

“అయితే నిలబడండి. నాలుగు నిమిషాలు పడుతుంది.”

“నిలబడతాను. కుర్చీ ఉంటే కూర్చుంటాను కూడా.”

కుర్చీ వేశాను.

రివైండ్ చేసేముందు ఒక్కసారి ప్లే నొక్కి టేపు నలిగిందేమో చూసుకోవడం నా అలవాటు. కౌంటర్ మీది చిన్న టీవీలో బొమ్మ వచ్చింది. మాటల్లేని కాలం నాటి కామెడీ. బక్కపలచటి మనిషి ఒకడు పొడవాటి నిచ్చెన భుజాన పెట్టుకుని తిరుగుతున్నాడు, తిరిగినప్పుడల్లా వెనకవాడికి తగులుతోంది.

“ఇక్కడే మా నాన్న బాగా నవ్వారు. అందుకే ఇక్కడ ఆపించారు. తర్వాత చూసేవాళ్లు ముందు మంచి ముక్కతో మొదలుపెట్టనీ అన్నారు,” అందామె.

సినిమాని నడుమ నుంచి మొదలుపెట్టించే మనిషిని నేను అప్పుడే విన్నాను. నాకు నవ్వొచ్చింది. నేను నవ్వడం చూసి ఆమె కూడా నవ్వబోయి, కోపంలో ఉన్న సంగతి గుర్తొచ్చి ఆపుకుంది.

*

మా షాపు సన్నటి గది. మూడు గోడలకీ అరలు. ఏడుపు సినిమాలు పై అరలో, ఫైటింగులు కింద, కామెడీలు సరిగ్గా కంటికెదురుగా పెట్టేవాణ్ని. ఏడుపు సినిమాని ఒక మనిషి ఒక్కసారే పట్టుకెళ్తాడు. నవ్వుల సినిమాని పదిసార్లు పట్టుకెళ్తాడు, పదోసారి చుట్టాల్ని కూడా కూర్చోబెట్టి, జోకు రాకముందే తనే చెప్పేసి నవ్వుతాడు. అలాంటి సరుకు కంటికెదురుగా ఉండాలి.

ఎదురుగా, వీధికి అవతల, కళ్లజోళ్ల షాపు. ఆమె అక్కడే పని చేసేది. కళ్లు పరీక్ష చేసి, ఏ కంటికి ఏ అద్దం పడుతుందో చూసి రాసిచ్చేది. మా అమ్మ రోజూ మధ్యాహ్నం నాకు భోజనం తెచ్చి సాయంత్రం దాకా షాపులోనే కూర్చునేది. ఆమెకి ‘అద్దాలమ్మాయి’ అని పేరు పెట్టింది కూడా అమ్మే.

“ఒరేయ్, నీ అద్దాలమ్మాయి గొడుగు తీసింది. ఇటే వస్తోంది.”

“నా అద్దాలమ్మాయి ఏంటమ్మా, కస్టమర్.”

“కస్టమరే. మిగతా కస్టమర్లకి కుర్చీ తుడవవుగా, అందుకని అడిగా.”

ఆమె వారానికొకసారి వచ్చేది. ఎప్పుడూ కామెడీయే కావాలి. అందుకు కారణం మూడో వారమో నాలుగో వారమో తెలిసింది.

“నాన్నకి కళ్ల మధ్యలో మసక కమ్మేసిందండీ. అంచుల్లో మాత్రం కాస్త కనిపిస్తుంది. ఊళ్లో అందరికీ అద్దాలు పెట్టేది నేను, మా ఇంట్లో మనిషికి సరిపోయే అద్దం మాత్రం ఎక్కడా లేదు,” అంది, టీవీ వైపే చూస్తూ.

“మరి మాటల్లేని సినిమాలు పట్టుకెళ్తారేం? కనిపించదు, వినిపించదు...” అన్నాను.

“నేను చెప్తాను. ‘వాడు పడ్డాడు నాన్నా’ అంటాను. ‘పడటం అందరూ పడతారు, ఎలా పడ్డాడో చెప్పు’ అంటారు. ‘వెనక్కి పడ్డాడు’ అంటాను. ‘టోపీ ముందు పడిందా, మనిషి ముందు పడ్డాడా?’ అంటారు. వందల ఆటలు వేసిన మనిషి కదా, అంతా కంఠతా వచ్చు. నేను తప్పు చెప్తున్నానో లేదో పరీక్ష.”

“పాసవుతున్నారా?”

“అత్తెసరు మార్కులు.”

ఆపరేటర్ గారి అభిప్రాయాలన్నీ ఆ నాలుగు నిమిషాల్లోనే, ఆమె నోటి మీదుగా నాకు చేరేవి. మాటల్లేని కామెడీలు ఇప్పుడు చూస్తే మనుషులు గబగబా నడుస్తారు కదా, అది వాళ్ల తప్పు కాదట. ఆ రోజుల్లో తిప్పిన వేగం వేరు, ఇప్పటి మెషీన్ల తొందర వేరు. మెషీన్ తొందరపడితే సీను పాడవుతుందన్నారట. నలుపు తెలుపు మాటల సినిమాలు వచ్చాక పడేవాళ్లు తగ్గి, మాట విసిరేవాళ్లు పెరిగారు. ఒక్కో మాటకి హాలు ఎంతసేపు నవ్వుతుందో తెలుసు కాబట్టి, మరుసటి మాట మునిగిపోకుండా సౌండు కాస్త పెంచేవారట. రంగులొచ్చాక ఒకే పోలిక ఉన్న ఇద్దరు, తారుమారైన రెండు పెట్టెలు, ఆఖర్న ఒకే ఇంట్లో ఇరవై మంది పరుగులు. ఇప్పటి కాలేజీ కామెడీలైతే మనిషిని ఊపిరి తీసుకోనివ్వవట.

“నాన్న లెక్కలో నవ్వు మూడు రకాలు,” అందొక రోజు. “మనిషి పడితే వచ్చేది ఒకటి. మాట పడితే వచ్చేది రెండోది.”

“మూడోది?”

“నోట్లోంచి మాట రాకపోతే వచ్చేది. అదే అన్నిటికంటే గొప్పదట.”

టక్కుమని ప్లేయర్ ఆగింది. నాలుగు నిమిషాలైంది. ఆమె లేచింది.

ఏడాదిన్నరలో ఆమె అరవై మూడు క్యాసెట్లు పట్టుకెళ్లింది. నాలుగు నిమిషాల చొప్పున నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. ఆ ఏడాదిన్నర మొత్తంలో నాకు ఇప్పటికీ మాట మాటా గుర్తున్నది ఆ నాలుగు గంటల పన్నెండు నిమిషాలే. మిగతాదంతా షాపు తెరవడం, మూయడం.

*

ఆమె అంటే నాకు ఇష్టమని అమ్మకి తెలుసు. నాకు తెలుసు. బహుశా పక్కన గడియారాలు బాగుచేసే ఆయనకీ తెలుసు. చెప్పాల్సిన మనిషికే చెప్పలేదు. ఎదుటివాడు నోరు తెరిచేదాకా మనం తెరవకూడదన్నది నాకు వ్యాపారం నేర్పిన మొదటి పాఠం. ముందు మాట్లాడినవాడు నష్టపోతాడు. ఆ పాఠం నాకు వంద బేరాల్లో పనికొచ్చింది. నూట ఒకటోది బేరం కాదన్న సంగతి ఎవరూ చెప్పలేదు.

ఒక సాయంత్రం ఆమె వచ్చి కూర్చుని, టీవీ వైపు చూడకుండా అంది. “మా ఓనరు వేరే ఊళ్లో కొత్త బ్రాంచి పెడుతున్నారు. నన్ను చూసుకోమంటున్నారు. అక్కడ పెద్ద కళ్లాసుపత్రి కూడా ఉంది, నాన్నకి దగ్గర.”

“ఎంత దూరం?”

“బస్సులో నాలుగు గంటలు. నెలాఖరు లోపల చెప్పాలి, వెళ్తానో లేదో.”

వెళ్లొద్దనాలనుకున్నాను. నోట్లోంచి వచ్చిన మాట మాత్రం ఇది. “మంచి అవకాశమండీ.”

“అంతేనా?”

“జీతం కూడా పెరుగుతుందేమో కదా.”

ఆమె నా వైపు కొంచెంసేపు చూసింది. కంటి పరీక్షలో చివరి వరస కూడా చదవలేకపోయినవాణ్ని చూసినట్టు. తర్వాత లేచి అరల దగ్గరికి వెళ్లి ఒక నలుపు తెలుపు సినిమా తీసుకుంది. గుమాస్తా, టైపిస్టు కథ. గుమాస్తా సినిమా పొడుగునా టైపిస్టుకి తన మనసులో మాట చెప్పబోతాడు. చెప్పబోయినప్పుడల్లా ఫోను మోగుతుంది, లేదా సీలింగు పెచ్చు ఊడి నెత్తిన పడుతుంది, లేదా మేనేజరు దగ్గుతాడు.

“ఇది మీరు నాలుగుసార్లు తీసుకెళ్లారుగా?” అన్నాను.

“ఐదోసారి చూస్తే ఎవరికైనా అర్థమవుతుందేమోనని,” అంది.

ఆమె వెళ్లాక అమ్మ నన్ను చూసి తల కొట్టుకుంది. “జీతం పెరుగుతుందా! ఒరేయ్, నిన్ను కన్నందుకు నాకు రావాలి ఒక జీతం.”

నాకూ సిగ్గేసింది. వచ్చే వారం ఎలాగైనా చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. చెప్పడానికి తగినట్టు షాపు కాస్త పద్ధతిగా ఉండాలనుకున్నాను. ఇన్నాళ్లూ మనిషిని నాలుగేసి నిమిషాలు కూర్చోబెట్టి శిక్ష వేశాను, ఎంత మర్యాదతక్కువ! అప్పుడు తెప్పించాను ఎర్ర కారు.

అది రివైండ్ చేసే మెషీన్. ఇంకేమీ చేయదు. బొమ్మ కారు ఆకారంలో, ఎర్రగా నిగనిగలాడుతూ ఉంటుంది. పైకప్పు ఎత్తి క్యాసెట్ పెట్టి మూస్తే ముందు దీపాలు రెండూ వెలుగుతాయి, ఒక్క నిమిషంలో టేపంతా మొదటికి చుట్టేసి, పైకప్పు తనే తెరుస్తుంది. ప్లే నొక్కి చూడటం ఉండదు, టీవీ ఉండదు. అమ్మ దాన్ని చూసి, “ఇంత తొందరగా తిప్పి ఎక్కడికి వెళ్తావురా?” అంది.

ఆ వారం నేనుండగా ఆమె రాలేదు. మధ్యాహ్నం నేను టీ తాగడానికి వెళ్లినప్పుడు క్యాసెట్ అమ్మ చేతికిచ్చి వెళ్లిపోయింది. “నీకే ఇవ్వమంది. చూడమంది,” అంది అమ్మ.

చూశాను. పగుళ్లు లేవు, టేపు వదులు కాలేదు. ఎప్పట్లాగే రివైండ్ చేయలేదు. కారులో పెట్టాను. దీపాలు వెలిగాయి. ఒక్క నిమిషం.

మరునాడు ఆమె వచ్చింది. కూర్చోలేదు, గుమ్మంలోనే నిలబడింది. చేతిలో గొడుగు లేదు, వాన ఉంది. జుట్టు మీద చినుకులు.

“క్యాసెట్ చూశారా?”

“చూశానండీ.”

“చూసి?”

నేను గర్వంగా కౌంటర్ మీది ఎర్ర కారు చూపించాను. “చూసి, వెంటనే రివైండ్ చేసేశాను. ఒక్క నిమిషంలో. ఇక మీరు ఇక్కడ కూర్చుని ఆగాల్సిన పని లేదు.”

ఆమె కారు వైపు చూసింది, నా వైపు చూసింది. “సరే. మంచిది,” అని వెళ్లిపోయింది. తన కోసమే తెప్పించానని చెబుదామని నోరు తెరిచేసరికి, ఆమె వీధి దాటి అద్దాల తలుపు లోపలికి వెళ్లిపోయింది. వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాను.

వచ్చే వారం అంటూ ఏదీ రాలేదు. పది రోజుల్లో ఆమె, ఆపరేటర్ గారు ఊరు మారిపోయారు.

*

నాలుగు నెలలు గడిచాయి. కారు బ్రహ్మాండంగా పని చేసింది. మనుషులు వచ్చి, క్యాసెట్ ఇచ్చి, వెంటనే వెళ్లిపోయేవారు. ఎవరూ నిలబడలేదు, అరల్లోకి చూడలేదు. వ్యాపారం కూడా తగ్గింది.

ఒక మధ్యాహ్నం కారులోంచి కీచుమని చప్పుడొచ్చి దీపాలు ఆరిపోయాయి.

“ఏంట్రా, కారు ఆగిపోయిందా?” అంది అమ్మ.

“లోపల బెల్టు తెగింది.”

“నాలుగు నెలల ముందు తెగి ఉండాల్సింది.”

పాత ప్లేయర్ దుమ్ము దులిపి క్యాసెట్ పెట్టాను. అలవాటుగా ప్లే నొక్కాను, తర్వాత రివైండ్. ఎదురుగా కుర్చీ. నాలుగు నిమిషాలు. అంతకు ముందు ఆ నాలుగు నిమిషాలు ఎప్పుడు అయిపోయేవో తెలిసేది కాదు. ఆ రోజు మూడు గోడలూ, అన్ని అరలూ, ఎదుటి షాపులో కొత్త మనిషీ, అన్నీ చూసినా ఇంకా టేపు తిరుగుతూనే ఉంది. ఎర్ర కారు ఒక్కో క్యాసెట్‌కి నాకు మూడు నిమిషాలు మిగిల్చిందనుకున్నాను. నిజానికి నాలుగు నిమిషాలూ పట్టుకుపోయింది.

“అమ్మా, నాకు కళ్లు సరిగ్గా కనపడటం లేదు,” అన్నాను.

అమ్మ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. “నాలుగు గంటల ప్రయాణం. పొద్దున్నే బయల్దేరు,” అంది.

*

కొత్త బ్రాంచి బస్టాండుకి దగ్గరే. నన్ను చూసి ఆమె లేవలేదు. రిజిస్టర్ మీంచి కళ్లు కూడా ఎత్తలేదు.

“చెప్పండి. ఏం కావాలి?”

“కళ్లు చూపించుకోవాలండీ.”

“మీ ఊళ్లో మా షాపు ఉందిగా. మీకు ఎదురుగానే.”

“అక్కడ... అక్కడ సరిగ్గా చూడటం లేదు.”

ఆమె లోపలి గదిలో ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టింది. నా మొహానికి ఒక ఇనప ఫ్రేము తగిలించింది. గుండ్రటి బరువైన ఫ్రేము, రెండు పక్కలా మరలు. ఎడమ కంటికి నల్లటి మూత పెట్టింది. ఎదురుగా అద్దంలో నన్ను నేను చూసుకున్నాను. మాటల్లేని సినిమాల్లో నిచ్చెన దెబ్బ తినే మనిషి నాకంటే నయం.

“చదవండి.”

పైనుంచి కింది వరస దాకా చదివాను. చివరి వరస కింద ఆ కాగితం అచ్చేసిన ప్రెస్సు పేరు చీమ తలకాయంత ఉంటే అదీ చదివాను.

“మీ చూపుకి వంక లేదు. అద్దాలు అక్కర్లేదు.”

“లేదండీ, నిజంగానే కనపడటం లేదు.”

“ఎదురుగా ఉన్నది మీకు కనపడదని నాకు ముందే తెలుసు. దానికి మా దగ్గర అద్దం లేదు.” ఆమె నా ఫ్రేములోంచి అద్దం లాగేసింది. “అంత స్పష్టంగా అడిగితే, అంత తేలిగ్గా వెనక్కి తిప్పేసి, ఇక మీరు ఆగక్కర్లేదన్న మనిషి మళ్లీ ఎందుకు వచ్చాడండీ?”

“ఎవరు అడిగారు? ఏమడిగారు?”

“క్యాసెట్ చూశానన్నారు కదా!”

“చూశాను. పగుళ్లు లేవు.”

“పగుళ్లా?” ఆమె చేతిలోని అద్దం బల్ల మీద పెట్టింది. “ప్లే నొక్కి చూడలేదా? ఎప్పుడూ నొక్కుతారుగా!”

“ఎర్ర కారుకి ప్లే ఉండదండీ.”

ఏదో సీను దగ్గర ఆపి మరీ పంపిందని అప్పుడు తట్టింది నాకు.

“ఎక్కడ... ఎక్కడ ఆపారు?” అని అడిగాను.

ఆమె గోడ వైపు తిరిగి చెప్పింది. “ఆఖర్న వానలో, ఒకే గొడుగు కింద నిలబడతారు కదా. గుమాస్తాకి మాట రాదు. టైపిస్టే అంటుంది, ‘మీరు అడిగేలోగా వాన కూడా ఆగిపోయేట్టుంది. నా జవాబు సరేనే. ఇప్పుడు తీరిగ్గా అడగండి’ అని. సరిగ్గా అక్కడ ఆపాను. మూడుసార్లు ముందుకీ వెనక్కీ తిప్పి మరీ ఆపాను. మా ఇంట్లో వెనక్కి తిప్పడం అదే మొదటిసారి. నాన్న ఒట్టు పక్కన పెట్టి ఒప్పుకున్నారు.”

నేను కుర్చీలోంచి లేవబోయాను. అది ఎత్తు కుర్చీ అన్న సంగతి మర్చిపోయాను. ఒక కంటికి మూత ఉన్న సంగతీ మర్చిపోయాను. కాలు మెట్టు మీద పడాల్సింది గాల్లో పడింది. పట్టుకోబోయిన గుమ్మం తెర ఊడి నా నెత్తిన పడింది. తెర కింద నేల మీద కూర్చుని, ఇనప ఫ్రేము మొహాన వేలాడుతుండగా, ఏడాదిన్నరగా చెప్పాలనుకున్న మాట కోసం నోరు తెరిచాను.

మాట రాలేదు.

తెర ఎత్తి ఆమె నన్ను చూసింది. ముందు పెదవులు బిగబట్టుకుంది. తర్వాత ఆపుకోలేకపోయింది. గోడకి ఆనుకుని, కళ్ల వెంట నీళ్లు కారుతుంటే నవ్వింది. నాలుగు నెలల నవ్వంతా ఒకేసారి.

“పగుళ్లు లేవా? పగుళ్లు...” అంటూ మళ్లీ నవ్వింది.

“ఆ జవాబు ఇంకా ఉందాండీ?” అన్నాను, ఎలాగో.

“ముందు ప్రశ్న అడగండి. ఈసారి తీరిగ్గానే అడగండి. బయట వాన కూడా లేదు.”

అడిగాను. ఏ మాటలతో అడిగానో ఇద్దరం ఇప్పటికీ ఒప్పుకోం. నేను చక్కగా నాలుగు వాక్యాలు చెప్పానంటాను. ‘మరి, అదీ, అంటే’ తప్ప ఇంకేం వినపడలేదంటుంది.

*

షాపు పైనే వాళ్ల ఇల్లు. ఆపరేటర్ గారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. నన్ను సూటిగా చూడకుండా మొహం కాస్త పక్కకి తిప్పారు. కంటి అంచుతో చూడటం ఆయన పద్ధతి.

“నాన్నా, క్యాసెట్ షాపాయన వచ్చారు.”

“వెనక్కి తిప్పేసిన మనిషా?” అన్నారు. గొంతులో ముప్పయ్యొక్క ఏళ్ల మెషీన్ల చప్పుడు మీంచి మాట్లాడిన బిగ్గరతనం ఉంది. “ఏమయ్యా, ఎందుకొచ్చావు?”

“మీ అమ్మాయిని అడగడానికండీ.”

“దాన్ని అడిగావా?”

“అడిగానండీ.”

“ఏమంది?”

“సరే అంది.”

“అది సరే అంటే సరిపోయిందా? మా ఇంట్లో సినిమా చెప్పడం రాని మనిషికి పిల్లనివ్వను. మాటల్లేని సినిమా ఒకటి చెప్పు. నేను నవ్వాలి.”

నిచ్చెన సినిమా మొదలుపెట్టాను. “ఒకడు నిచ్చెన తెచ్చాడండీ. తిరిగాడు. వెనకవాడికి తగిలింది. పడ్డాడు.”

“టోపీ ముందు పడిందా?”

“గమనించలేదండీ.”

“సరుకు జాబితా చదివినట్టుంది,” అన్నారు ఆపరేటర్ గారు. మొహంలో ఒక్క గీత కదల్లేదు.

ఆమె నా వెనక నుంచి నెమ్మదిగా అంది. “మీ సినిమా చెప్పండి.”

ఇక దాచుకోవడానికి ఏముంది? చెప్పాను. కుర్చీ తుడవడం దగ్గర్నుంచి చెప్పాను. మంచి అవకాశమండీ అన్న సంగతి చెప్పాను. జీతం పెరుగుతుందేమో అన్నది చెప్పాను. ఎర్ర కారు దీపాలు ఎలా వెలిగాయో, దాన్ని ఎంత గర్వంగా చూపించానో చెప్పాను. క్యాసెట్ చూశారా అంటే పగుళ్లు లేవనుకున్న సంగతి చెప్పేసరికి ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఎత్తు కుర్చీ దగ్గరికి వచ్చేసరికి, “ఆగు, ఆగు,” అని చెయ్యెత్తారు. “ఫ్రేము ముందు పడిందా, నువ్వు ముందు పడ్డావా?”

“నేను ముందండీ. ఫ్రేము మొహానే ఉంది. తెర తర్వాత.”

“నోరు తెరిచాక?”

“మాట రాలేదండీ.”

అంతే. ఆ పెద్దమనిషి కుర్చీ చేతులు రెండూ పట్టుకుని నవ్వారు. ఊపిరందక, దగ్గి, మళ్లీ నవ్వారు. కూతురు మంచినీళ్లు తెస్తే తాగబోయి అందులోకీ నవ్వారు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అన్నారు. “అమ్మాయ్, ముప్పయ్యొక్క ఏళ్లు నేను మూడు రకాల నవ్వులకి ఆట వేశాను. మనిషి పడటం, మాట పడటం, మాట రాకపోవడం. మూడూ ఒక్కడే చేసింది ఇదే చూడటం. ఇలాంటివాణ్ని బయటికి వదలకూడదు.” తర్వాత నా వైపు, కంటి అంచుతో చూస్తూ, “అల్లుడూ, ఒకటే షరతు. ఆ కారు బాగుచేయించకు.”

*

బ్రాంచి ఆమె చూసుకోవాలి, ఆసుపత్రి అక్కడుంది, మావయ్య అక్కడున్నారు. ఇవతల ఉన్నది అరలూ క్యాసెట్లూ. అరలకి కాళ్లుండవు, నాకున్నాయి. షాపు ఎత్తేసి, అమ్మని తీసుకుని నేనే ఆ ఊరు వచ్చేశాను. ఇది బేరంగా చూస్తే నేనే దిగొచ్చినట్టు. నా జీవితంలో అంత లాభమొచ్చిన దిగిరావడం ఇంకొకటి లేదు.

వారానికొక సినిమా మావయ్యకి నేనే చెప్పేవాణ్ని. కొన్నాళ్లకి టోపీ ముందు పడిందో మనిషి ముందు పడ్డాడో అడగకుండానే చెప్పడం వచ్చింది. ఆఖరి వారం కూడా ఒకటి చెప్పాను. సగంలో నవ్వి, మిగతాది రేపు చెప్పమన్నారు. ఆయన పోయి పదకొండేళ్లు. ఆ మిగతా సగం ఎవరికీ చెప్పలేదు.

క్యాసెట్లు పోయి డిస్కులొచ్చాయి, డిస్కులు పోయి ఏమీ మిగల్లేదు. ఇప్పుడు కామెడీ అంటే ఫోనులో అర నిమిషం. నవ్వి, వేలితో పైకి తోసేస్తారు. దాన్ని ఎవరూ చుట్టక్కర్లేదు, ఎవరి కోసమూ ఎవరూ కూర్చోనక్కర్లేదు. తప్పు పట్టను, సరుకు మారితే వాడకం మారుతుంది.

పాత సరుకంతా ఇచ్చేశాను. ఎర్ర కారు, గుమాస్తా టైపిస్టు సినిమా, ఈ రెండూ ఉంచుకున్నాను. పెళ్లయిన వారం పాత ప్లేయర్‌లో ఆ సినిమా పెట్టి, వాన సీను దగ్గరికి తెచ్చి, సరిగ్గా ఆ మాట దగ్గర ఆపి బయటికి తీశాం. మళ్లీ ఎందులోనూ పెట్టలేదు. ఇప్పుడు పెడదామన్నా ప్లేయర్ లేదు.

మొన్న బీరువా సర్దుతూ ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. కిటికీ బయట వాన. చిన్న కిటికీలాంటి ప్లాస్టిక్ లోంచి టేపు చుట్టలు రెండూ కనిపిస్తున్నాయి. ఒకటి లావుగా, ఒకటి పలచగా, ఇరవై తొమ్మిదేళ్లుగా కదలకుండా.

“బోర్డు గుర్తుందా?” అంది. “రివైండ్ చేసి తిరిగి ఇవ్వవలెను.”

“గుర్తుంది.”

“మరి చేయనా?”

“మీ నాన్న ఒప్పుకోరు,” అన్నాను.

ఆమె నవ్వి, దాన్ని ఎక్కడుందో అక్కడే పెట్టింది.